18650 సెల్లుకి ఏ చార్జర్ కొనాలి? ముందు సెల్లు మీద ఏం రాసుందో చూడండి

"అన్నా, మంచి చార్జర్ ఒకటి చెప్పు" అని అడిగేవాళ్లలో చాలామంది తమ దగ్గరున్న సెల్లు ఏదో చెప్పరు. ఎన్ని స్లాట్లు ఉండాలి, డిస్‌ప్లే ఉండాలా వద్దా, ఎంతలో రావాలి, ఇవన్నీ చెప్తారు. సెల్లు సంగతి అడిగితే "అదే, ఆ పొడుగు లిథియం సెల్లు" అంటారు. అక్కడే చిక్కు. చార్జర్ ఎంత మంచిదైనా దానికీ మీ సెల్లుకీ పొంతన లేకపోతే డబ్బులు దండగ, ఒక్కోసారి ఇల్లు కూడా కాలుతుంది. అందుకే ఇక్కడ బ్రాండ్ల జాబితా ఇవ్వట్లేదు, ఎలా చూసుకోవాలో చెప్తాను.

ఇంకో మాట ముందే చెప్పేయాలి. ఈ విడి లిథియం సెల్లుల చార్జర్ల గోల ఎక్కువగా వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, వాడేవాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. మన దేశంలో 2019లో తెచ్చిన చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే కాబట్టి, వేప్ కోసం అడిగేది అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లే. తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ఎత్తుకోను. కానీ ఆ వేప్ మోడ్‌లో (విడి సెల్లులు పెట్టుకునే పెద్ద రకం వేప్) ఉండే సెల్లూ, రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతు చేతిలోని టార్చి లైటులో ఉండే సెల్లూ, పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల కనిపించే సెల్లూ చాలావరకు ఒక్క జాతివే. టెస్లా మొదటి కారు రోడ్‌స్టర్‌లో కూడా ఇవే, 6,831 సెల్లులు కలిపి కట్టారు. కాబట్టి డల్లాస్‌లో మోడ్ వాడేవాడికి చెప్పేదే ఇక్కడ టార్చి వాడేవాడికీ పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెప్తాను.

ముందు చార్జర్ అసలు చేసే పని ఏంటో చూద్దాం. లిథియం అయాన్ సెల్లుని చార్జ్ చేసే పద్ధతిని సీసీ-సీవీ (స్థిరమైన కరెంటు, ఆపైన స్థిరమైన వోల్టేజీ) అంటారు. మొదట ఒక స్థిరమైన కరెంటు పంపుతుంది, ఒక ఆంపియర్ అనుకోండి. సెల్లు వోల్టేజీ మెల్లగా పెరుగుతూ 4.2 వోల్టులకి చేరగానే, ఇక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటుని తగ్గించుకుంటూ వస్తుంది, బిందె నిండబోయే వేళకి కుళాయిని సన్నగా తిప్పినట్టు. ఆ కరెంటు వంద మిల్లీ ఆంపియర్ల దగ్గరికి పడిపోగానే పూర్తిగా ఆపేయాలి. ఈ చివరి ముక్క ముఖ్యం. పాత నికెల్ సెల్లులకి నిండాక కూడా సన్నగా కరెంటు పారుతూ ఉన్నా పర్వాలేదు. లిథియంకి ఆ వెసులుబాటు లేదు. నిండిన తర్వాత ఇంకా తోస్తూ ఉంటే లోపల లిథియం లోహంలా పేరుకుంటుంది, ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమవుతుంది, గ్యాస్ పుడుతుంది, వేడెక్కుతుంది. ఆ ఎలక్ట్రోలైట్ మండే స్వభావమున్న ద్రవం. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు.

సెల్లు తయారీదారులు ఇచ్చే పత్రాల్లో ఈ 4.2కి అటూ ఇటూ 0.05 వోల్టు వరకే వెసులుబాటు ఉంటుంది. అంటే 4.25 దాటితే తప్పే. వినడానికి చిన్న అంకె, కానీ వంద రూపాయల చార్జర్‌కీ రెండు వేల చార్జర్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంటుంది. మంచి చార్జర్ 4.18 నుంచి 4.21 మధ్య ఆపుతుంది. నాసిరకందైతే 4.3 దాకా ఎక్కించి అప్పుడు ఆకుపచ్చ లైటు వెలిగిస్తుంది, లేదా లైటు మారినా లోపల కరెంటు పారుతూనే ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు సెల్లు దగ్గరికి రండి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. 21700 అంటే 21, 70. చిన్న వేప్‌లలో వచ్చే 18350 అంటే 18, 35. ఇంతవరకు సులువే. కానీ సైజు సరిపోయినంత మాత్రాన సరిపోదు, లోపలి రసాయనం కూడా చూడాలి. ఐఎన్ఆర్, ఐఎంఆర్, ఎన్‌సీఆర్ లాంటి అక్షరాలతో మొదలయ్యే మామూలు సెల్లులు 3.6 లేదా 3.7 వోల్టులవి, నిండితే 4.2. కానీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు 3.2 వోల్టులవి, నిండితే 3.65 మాత్రమే. మన దగ్గర సోలార్ వీధిలైట్లలో, కొన్ని పెద్ద టార్చిలలో వచ్చే లావుపాటి 32650 సెల్లులు ఎక్కువగా ఈ జాతివే. వాటిని 4.2 చార్జర్‌లో పెడితే అర వోల్టుకి పైగా ఎక్కువ ఎక్కిస్తున్నట్టు. కొన్ని చార్జర్లు రెండింటికీ పనిచేస్తాయి, ఎక్స్‌టార్ వీపీ2 అనే చార్జర్‌లో 3.2, 3.6, 3.8 అని ఒక స్విచ్ ఉంటుంది, మీరే తిప్పి పెట్టుకోవాలి. "ఆటోమేటిక్‌గా కనుక్కుంటుంది" అని అట్టపెట్టె మీద రాసినా, ఫాస్ఫేట్ సెల్లునీ దాదాపు ఖాళీ అయిన మామూలు సెల్లునీ వోల్టేజీ చూసి వేరుచేయడం చార్జర్‌కి కష్టం, రెండూ 3.3 దగ్గర ఉండొచ్చు. అందుకని ఫాస్ఫేట్ సెల్లులుంటే చేత్తో ఎంచుకునే స్విచ్ ఉన్నదే తీసుకోండి. అదేమీ లేకుండా మామూలు 3.6 సెల్లులే ఉంటే ఈ గొడవే లేదు.

సెల్లు మీద "9900 ఎంఏహెచ్" (ఎంఏహెచ్ అంటే సెల్లు సామర్థ్యం కొలత) అని రాసుంటే మాత్రం చార్జర్ గురించి ఆలోచించడం మానేసి ముందు ఆ సెల్లు పక్కన పడేయండి. పేరున్న కంపెనీల 18650లు 3500 దగ్గరే ఆగుతాయి, కొత్తవి కాస్త పైకి వెళ్తున్నాయేమో అంతే. పదివేలకి దగ్గరగా ఉండే అంకె ఆ సైజు డబ్బాలో పట్టదు. అలాంటి సెల్లుని చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. అసలైన 18650 దాదాపు 45 నుంచి 50 గ్రాములుంటుంది, నకిలీది తేలిగ్గా బోలుగా ఉంటుంది. కూరగాయల కొట్లో ఉండే ఎలక్ట్రానిక్ తూకం చాలు.

సెల్లు ఏదో తేలింది కదా, ఇక కరెంటు సంగతి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే "ఫాస్ట్ చార్జింగ్" అనే మాటకి ఫోన్ల వల్ల మనకి అలవాటైపోయింది. సామ్‌సంగ్ 25ఆర్ సంగతి చూడండి, వేప్‌లలో బాగా నలిగిన సెల్లు అది. 2500 ఎంఏహెచ్. కంపెనీ చెప్పిన మామూలు చార్జింగ్ కరెంటు 1.25 ఆంపియర్లు, వేగంగా కావాలంటే 4 ఆంపియర్ల దాకా ఒప్పుకుంటుంది. అదే సామ్‌సంగ్ 30క్యూకి 1.5 మామూలు, 4 గరిష్ఠం. 21700 సైజులో 40టీ తీసుకుంటే 4000 ఎంఏహెచ్, మామూలుగా 2 ఆంపియర్లు. ఈ మూడింటిలో ఒక లెక్క కనిపిస్తుంది చూడండి, మామూలు చార్జింగ్ కరెంటు సెల్లు సామర్థ్యంలో సగం. మీ సెల్లు పత్రం దొరక్కపోతే ఆ సగం లెక్క పట్టుకోండి, ఇంకా కాస్త తక్కువే పెట్టండి. అంటే మామూలు 18650కి ఒక ఆంపియర్, 21700కి ఒకటి నుంచి రెండు, 18350 లాంటి బుల్లి సెల్లుకి అర ఆంపియర్ లేదా అంతకన్నా తక్కువ.

3000 ఎంఏహెచ్ సెల్లు ఒక ఆంపియర్ మీద నిండటానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. అర ఆంపియర్ మీదైతే దాదాపు ఏడు గంటలు. మూడు గంటల్లోనే ఎందుకు నిండదని అడగొచ్చు, చివర్లో కరెంటు సన్నబడుతుందని చెప్పానుగా, ఆ తోకకే అదనంగా ముప్పావు గంటో గంటో పోతుంది. అదే కారణంగా రెండు ఆంపియర్ల చార్జర్ పెట్టినంత మాత్రాన టైము సగానికి పడదు. కరెంటు పెంచితే మొదటి దశ త్వరగా అయిపోతుంది కానీ తోక ఇంకా పొడుగవుతుంది, సెల్లు వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. ఇంట్లో నాలుగు సెల్లులు తిప్పి తిప్పి వాడుకునేవాడికి ఆ తొందర దేనికో నాకైతే అర్థం కాదు. రెండు అదనపు సెల్లులు కొనుక్కుంటే వేగం సమస్యే ఉండదు.

కొన్ని చార్జర్లు కరెంటు తామే నిర్ణయించుకుంటాయి. సెల్లు పొడవుని బట్టో, లోపలి నిరోధాన్ని బట్టో. ఇది బాగానే పనిచేస్తుంది, పనిచేయనప్పుడు మాత్రం చిన్న సెల్లులోకి రెండు ఆంపియర్లు తోసేస్తుంది. మీ ఇంట్లో రకరకాల సైజుల సెల్లులుంటే, బటన్ నొక్కి 0.5, 1, 2 అని మీరే ఎంచుకునే వెసులుబాటు ఉన్న చార్జర్‌కి రెండొందలు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

అట్టపెట్టె మీద రాసిన కరెంటు అంకెని నమ్మేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. నాలుగు స్లాట్లు, ఒక్కోదానికి ఒక ఆంపియర్ అన్నాడనుకోండి. నాలుగు గుణించు 4.2 వోల్టులు, దాదాపు 17 వాట్లు, లోపలి నష్టాలు కలిపితే 20 దాకా. ఇంట్లో పడున్న పాత ఫోన్ అడాప్టరు 5 వోల్టులు 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. ఎక్కడ్నుంచి వస్తుంది మిగతా 10? రాదు. అందుకే యూఎస్‌బీతో పనిచేసే చాలా చార్జర్లు సెల్లులు పెరిగేకొద్దీ కరెంటు తగ్గించుకుంటాయి. ఎక్స్‌టార్ వీసీ4 సంగతే తీసుకుంటే రెండు సెల్లులు పెడితే ఒక్కోదానికి ఒక ఆంపియర్, నాలుగూ పెడితే అర ఆంపియర్. ఇందులో మోసం లేదు, వాళ్లు చెప్పే రాస్తారు, మనమే చిన్నక్షరాలు చదవం. "గరిష్ఠంగా 2 ఆంపియర్లు" అన్న చోట అది ఒక్క స్లాటుకా మొత్తానికా అన్నది చూడండి. గోడ ప్లగ్గుకి నేరుగా తగిలించే రకమో, 12 వోల్టుల అడాప్టరుతో వచ్చే రకమో అయితే ఈ ఇబ్బంది తక్కువ. యూఎస్‌బీ రకమైతే అడాప్టరు మీరే చూసుకోవాలి, పైగా ఆ అడాప్టరుకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉందో లేదో కూడా. మన దేశంలో అడాప్టర్లకీ, లిథియం సెల్లులకీ రెండింటికీ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సెల్లులకైతే ఐఎస్ 16046 అనే నంబరు కింద వస్తుంది.

స్లాట్లు ఎన్నున్నా ప్రతి స్లాటూ విడిగా పనిచేయాలి. ఇందులో బేరం లేదు. చౌక చార్జర్లలో రెండు స్లాట్లనీ లోపల ఒకే తీగకి కలిపేస్తారు. ఒక సెల్లు 4.1లోనూ ఇంకోటి 3.2లోనూ ఉన్నప్పుడు అలాంటిదాంట్లో పెడితే నిండిన సెల్లు ఖాళీ సెల్లులోకి అదుపు లేకుండా పారుతుంది. దీన్ని పట్టుకోవడం సులువు.   చార్జర్‌ని ప్లగ్గు నుంచి తీసేసి ఒక స్లాటులో మాత్రం సెల్లు పెట్టి, పక్క ఖాళీ స్లాటు కొసల మధ్య వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెట్టి చూడండి, అక్కడ అదే వోల్టేజీ కనిపిస్తే లోపల కలిపేశారన్నమాట.

రెండు సెల్లుల మోడ్ వాడేవాళ్లు ఆ రెంటినీ జంటగానే ఉంచాలి, ఒకేసారి కొన్నవి, ఒకే మోడల్, ఎప్పుడూ కలిసే వాడి కలిసే చార్జ్ చేసేవి. ఒకటి బలహీనపడితే రెండోదాని మీద భారం పడుతుంది. సెల్లు మీద మార్కర్‌తో ఏ1, ఏ2 అని రాసుకోవడం ఈ లోకంలో అందరూ చేసే పనే. మోడ్‌కే ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టేయొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, చాలావాటిలో సర్క్యూటు బాగానే ఉంటుంది. కానీ అక్కడ ఒక్కో సెల్లు వోల్టేజీ మీకు కనపడదు, రెండు సెల్లులూ సమంగా నిండుతున్నాయో లేదో తెలియదు, వేడంతా మీరు చేత్తో పట్టుకునే డబ్బాలోనే పుడుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అయితే ఫోను, ట్యాబ్లెట్ల చార్జర్లతో వేప్‌ని చార్జ్ చేయొద్దనీ, దాంతో వచ్చిందే వాడమనీ, రాత్రంతా పెట్టి పడుకోవద్దనీ చెప్తుంది.

టార్చి లైట్ల విషయంలో దీనికి ఒక దేశవాళీ రూపం ఉంది. కొన్ని చౌక టార్చిలకి గుండ్రటి పిన్ను దూర్చే రంధ్రం ఉంటుంది, లోపల మాత్రం చార్జింగ్ సర్క్యూటు ఏమీ ఉండదు, రెండు తీగలు నేరుగా సెల్లుకి వెళ్తాయి. దాంతో వచ్చిన అడాప్టరు మీద 4.2 వోల్టులు అని రాసుంటుంది, భారం అంతా ఆ అడాప్టరుదే. అది పోయిందనో ఎలుక కొరికిందనో ఇంట్లో వైఫై రౌటర్‌ది తెచ్చి పెడతారు, పిన్ను సరిగ్గా దూరుతుంది కూడా. రౌటర్ అడాప్టరు 9 వోల్టులో 12 వోల్టులో ఉంటుంది. పిన్ను సైజు కలిసిందని వోల్టేజీ కలిసినట్టు కాదు. ఇలాంటి టార్చిలో సెల్లు బయటికి తీయగలిగితే తీసి విడి చార్జర్‌లో పెట్టుకోవడమే మేలు.

ఇక డిస్‌ప్లే, మిగతా హంగులు. ఒక్కో స్లాటుకి విడిగా వోల్టేజీ చూపించే డిస్‌ప్లే నిజంగా పనికొచ్చేదే. సెల్లు పెట్టగానే 3.4 అని చూపిస్తే మామూలే, 2.1 అని చూపిస్తే ఆ సెల్లుకి ఏదో అయిందని మీకు వెంటనే తెలుస్తుంది. ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూపించే లెక్క కూడా నెలల తరబడి చూస్తే సెల్లు ఎంత నీరసపడిందో చెప్తుంది. లోపలి నిరోధం, అంటే మిల్లీ ఓమ్‌ల అంకె మాత్రం అంతగా నమ్మకండి. అదే సెల్లుని తీసి మళ్లీ పెడితే వేరే అంకె వస్తుంది, ఎందుకంటే స్ప్రింగు కొస ఎంత గట్టిగా తగిలిందన్నది కూడా ఆ కొలతలో కలిసిపోతుంది. ఒకే చార్జర్‌లో ఒకే స్లాటులో కొత్త సెల్లునీ పాతదాన్నీ పోల్చుకోవడానికి తప్ప ఆ అంకెతో పనిలేదు.

"చచ్చిన సెల్లుని బతికిస్తుంది" అనే హంగు ఒకటుంది, 0 వోల్టు యాక్టివేషన్ అని గొప్పగా రాస్తారు. నాకు ఇది నచ్చదు. ప్రొటెక్షన్ సర్క్యూటు (వోల్టేజీ మరీ పడిపోతే సెల్లుని తెంచేసే బుల్లి బోర్డు) ఉన్న సెల్లులో ఆ సర్క్యూటు తెగి బయటికి సున్నా కనిపిస్తున్నప్పుడు దాన్ని మేల్కొలపడానికి ఇది పనికొస్తుంది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ప్రొటెక్షన్ లేని సెల్లు నిజంగానే రెండు వోల్టుల కిందికి పడిపోయి నెలలు ఉంటే, లోపల రాగి రేకు కరిగి ఎలక్ట్రోలైట్‌లో కలుస్తుంది. మళ్లీ చార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపలే షార్టుకి దారితీయొచ్చు. వేప్ సెల్లులు ఎక్కువగా ప్రొటెక్షన్ లేనివే, పెద్ద కరెంటు కావాలి కాబట్టి. అలాంటివాటిని బతికించకండి, పోనివ్వండి. కొత్త సెల్లు ఖరీదు ఐదారు డాలర్లు.

స్లాటు నిర్మాణం గురించి ఎవరూ రాయరు, నాకు మాత్రం అది సగం సంగతి. 18650 సెల్లుకి చుట్టూ ఉండే రంగు ప్లాస్టిక్ తొడుగు అందానికి కాదు. లోపలి స్టీలు డబ్బా మొత్తం, కింద నుంచి పై భుజం దాకా, మైనస్సే. ప్లస్ అన్నది పైన మధ్యలో ఉన్న చిన్న బిళ్ల మాత్రమే. ఆ రెంటి మధ్యా అడ్డంగా ఉన్నవి ఒక పల్చటి తెల్లటి రింగు, దాని అంచు మీదికి మడిచిన ఆ తొడుగు. చార్జర్‌లో ముందుకీ వెనక్కీ జరిగే స్లైడరుకి వాడిగా ఉండే లోహపు కొస ఉంటే, సెల్లుని పక్కకి తోసి పెట్టిన ప్రతిసారీ సరిగ్గా ఆ మడిచిన అంచునే గీరుతుంది. కొన్నాళ్లకి అక్కడ తొడుగు చిరిగి వెండిరంగు మెరుస్తుంది. ఇక ఆ కొస ఒకేసారి బిళ్లకీ భుజానికీ తగిలితే నేరుగా షార్ట్. అందుకే కొనేముందు స్లైడరు చూడండి, కొస నునుపుగా గుండ్రంగా ఉండాలి, స్ప్రింగు మరీ బిగువుగా ఉండకూడదు. సెల్లు పెట్టేటప్పుడు మైనస్ వైపుతో స్లైడరుని వెనక్కి నెట్టి, ఆ తర్వాత ప్లస్ వైపు కిందికి దించితే గీరదు. తొడుగు చిరిగితే సెల్లు పోయినట్టు కాదు, తొడుగూ తెల్ల రింగూ కొత్తవి కొద్ది రూపాయలకే దొరుకుతాయి, హెయిర్ డ్రయ్యర్ వేడికి ముడుచుకుని అతుక్కుంటాయి. చిరిగిన తొడుగుతో వాడటం మాత్రం వద్దు.

పొడవు కూడా చూసుకోండి. ప్రొటెక్షన్ సర్క్యూటు ఉన్న 18650 పేరుకి 65 అయినా నిజానికి 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. కొన్ని పాత చార్జర్లలో అది పట్టదు, బలవంతంగా దూర్చితే వంగుతుంది. తిప్పి పెట్టినా ఏమీ కాకుండా ఆపే ఏర్పాటు పేరున్న చార్జర్లన్నిటిలోనూ ఉంటుంది, లేనిది కొనకండి, అంతే.

చేత్తో చేసుకునేవాళ్ల మాట. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే టీపీ4056 అనే చిప్‌తో ఉన్న బుల్లి బోర్డు దొరుకుతుంది, సమోసా ప్లేటు ఖరీదుకి. దీన్ని తక్కువగా చూడకండి, ఆ చిప్ సీసీ-సీవీ పద్ధతిని సరిగ్గా పాటిస్తుంది, 4.2 దగ్గర నిలిపి, కరెంటు పదో వంతుకి పడిపోగానే ఆపేస్తుంది. బోర్డు మీద 122 అని రాసున్న నల్లటి బుల్లి రెసిస్టరు ఉంటుంది చూడండి, అది 1.2 కిలో ఓమ్‌లు, దాని వల్లే కరెంటు ఒక ఆంపియర్. దాన్ని తీసి 2 కిలో ఓమ్‌లది అతికిస్తే 580 మిల్లీ ఆంపియర్లకి తగ్గుతుంది, చిన్న సెల్లులకి అది నయం. దీనితో ఇబ్బంది రెండు చోట్ల. సెల్లు తిప్పి పెడితే చిప్ కాలిపోతుంది, కాపాడే ఏర్పాటు లేదు. రెండోది వేడి. 5 వోల్టుల్లోంచి సెల్లు వోల్టేజీ పోగా మిగిలినదంతా వేడిగానే పోతుంది, సెల్లు 3 వోల్టుల్లో ఉన్నప్పుడు రెండు వాట్లు ఆ గోరంత చిప్ మీదే. సెల్లుకి ఆనించి అతికించకండి. సోల్డరింగ్ తెలియకపోతే ఈ దారి అసలు వద్దు, పేరున్న రెండు స్లాట్ల చార్జర్ కొనుక్కోండి. అమెరికాలో 20 నుంచి 40 డాలర్ల మధ్య మంచివే వస్తాయి. పేరున్నవాటికి నకిలీలూ ఉంటాయి, పెట్టె మీద గీకి చూసే కోడ్ ఉంటే కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

గోడకి నేరుగా గుచ్చే ఒంటి స్లాటు చార్జర్లు, ఎరుపు ఆకుపచ్చ లైటు తప్ప ఏమీ లేనివి, టార్చితో పాటు ఉచితంగా వచ్చేవి, అవి ఇందాక చెప్పిన నాసిరకం బాపతే. పారేయండి.

ఏ చార్జర్ కొన్నా మొదటిసారి చార్జ్ చేసేటప్పుడు దగ్గరే ఉండండి. మూడు నాలుగొందల మల్టీమీటరు ఒకటి చాలు. ఆకుపచ్చ లైటు రాగానే సెల్లు తీసి వెంటనే కొలవండి. 4.15 నుంచి 4.22 మధ్య ఉంటే బాగుంది. 4.1 చూపిస్తే కాస్త తక్కువ నింపుతోంది, అది లోపం అనుకోనక్కర్లేదు. సామర్థ్యంలో పదో వంతు పోయినా సెల్లు ఎక్కువ కాలం బతుకుతుంది. 4.25 దాటితే చార్జర్ వెనక్కి పంపండి, బేరం లేదు. ఇంకో పరీక్ష, నిండిన సెల్లుని లైటు ఆకుపచ్చగా ఉండగానే ఇంకో గంట వదిలి మళ్లీ కొలవండి, వోల్టేజీ పెరిగిందంటే ఆ చార్జర్ ఆగట్లేదు. చేత్తో పట్టుకుంటే సెల్లు గోరువెచ్చగా ఉండొచ్చు, పట్టుకోలేనంత వేడి ఉండకూడదు.

వేడి అంటే గుర్తొచ్చింది. చాలా సెల్లులకి చార్జింగ్ హద్దు 0 నుంచి 45 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం చార్జింగ్ పెడితే, చార్జర్ తన వేడి కలపకముందే మీరు హద్దులో ఉన్నారు. తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా కరెంటు అర ఆంపియర్‌కి తగ్గించండి. షికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్లకి తిరకాసు అవతలి వైపు. రాత్రంతా కారులో గడ్డకట్టిన సెల్లుని ఇంట్లోకి తెచ్చిన వెంటనే చార్జర్‌లో పెట్టకూడదు, సున్నా కింద చార్జ్ చేస్తే లిథియం లోహంలా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి రాదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

ఇంత భయం అవసరమా అంటే, అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2009 నుంచి 2016 దాకా వార్తలకెక్కిన ఈ-సిగరెట్ మంటలూ పేలుళ్లూ లెక్కేస్తే 195 తేలాయి. అందులో 48 చార్జింగ్‌లో ఉండగా, 61 పరికరమో విడి సెల్లో జేబులో ఉండగా. అంటే చార్జర్ సరిగ్గా ఎంచుకున్నంత మాత్రాన ముప్పావు వంతు ప్రమాదాన్ని మీరు ముట్టుకోనట్టే. మోడో విడి సెల్లో జేబులో వేసుకునే అలవాటుదే పెద్ద పద్దు, పక్కన తాళాలూ చిల్లరా ఉంటే ఇంకా ముప్పు. అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో అసలు విడి 18650 సెల్లులు కొననే వద్దని హెచ్చరించింది, అవి కంపెనీలు బ్యాటరీ ప్యాకుల్లో కట్టుకోవడానికి చేసినవనీ, జేబులో లోహం తగిలితే షార్ట్ అవుతాయనీ కారణం. కమిషన్ మాట అదైనా జనం వాడుతూనే ఉన్నారు, కాబట్టి వాడేవాళ్లు కనీసం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి, చార్జర్‌ని పరుపు మీదా సోఫా మీదా కాకుండా వంటింటి గట్టు మీదో టైల్స్ నేల మీదో పెట్టాలి.

సెలవులకి ఇంటికొచ్చేవాళ్లకి ఒక సంగతి. విడి సెల్లులు విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే, ఒక్కోటీ కొసలు తగలకుండా డబ్బాలో. 3000 ఎంఏహెచ్ సెల్లు అంటే దాదాపు 11 వాట్ అవర్లు, విమానాల్లో ఉండే 100 హద్దుకి చాలా దూరం, దాంతో ఇబ్బంది లేదు. చార్జర్‌కి 230 వోల్టులు పడతాయో లేదో వెనక చీటీ మీద చూసుకోండి, 100–240 అని ఉంటే సరే, 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ ప్లగ్గులో పెట్టగానే పొగ వస్తుంది. మోడ్ మాత్రం అక్కడే వదిలేసి రండి, శంషాబాద్ కస్టమ్స్ దగ్గర దాన్ని వాళ్లు ఉంచేసుకోవచ్చు, దిగుమతి నిషేధం కిందికి వస్తుంది. సెల్లులూ చార్జరూ తెచ్చుకుంటే ఇంట్లో నాన్నగారి టార్చికి పనికొస్తాయి.